తుఫాన్లు రాకముందే బ్యాకప్‌ను ఒకసారి తెరిచి చూడండి

కోస్తాలో అక్టోబరు, నవంబరు అంటే తుఫాన్ల నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద పడ్డప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు. షాపులో లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ నడిపేవాళ్లు సెప్టెంబరులో ఒక ఆదివారం తీరిక చేసుకోండి. బ్యాకప్ ఎలాగూ తీస్తూనే ఉంటారు, తీసినదాన్ని వెనక్కి తెచ్చి (రిస్టోర్ చేసి) చూసేవాళ్లే తక్కువ.

రోజూ వాడే సిస్టమ్‌లో మాత్రం రిస్టోర్ ప్రయత్నించకండి. అదే ఫోల్డర్‌లోకి చేస్తే పాత డేటా వచ్చి ఇవాళ్టి ఎంట్రీలను మింగేస్తుంది. ఇంట్లో మూలన పడున్న ల్యాప్‌టాప్ చాలు. కంపెనీ పేరు కనబడగానే పనైపోయిందనుకోకండి, డేబుక్‌లో (రోజువారీ ఎంట్రీల జాబితాలో) చివరి వోచర్ ఏ తేదీదో చూడండి. నాకు తెలిసిన ఒక హోల్‌సేల్ షాపులో పెన్‌డ్రైవ్ నిండా బ్యాకప్‌లే. తెరిస్తే లెక్కలు జూన్‌లో ఆగిపోయి ఉన్నాయి. మధ్యలో డేటా ఫోల్డర్ మార్చారు, బ్యాకప్ మాత్రం పాత ఫోల్డర్‌నే రోజూ కాపీ చేస్తూ వచ్చింది! అందుకే ట్రయల్ బ్యాలెన్స్, క్లోజింగ్ స్టాక్, రెండు మూడు పార్టీల బాకీలు ముందే ప్రింట్ తీసి పెట్టుకుని, పక్కపక్కన పెట్టి సరిచూడండి.

పెద్ద కంపెనీలకూ ఈ తిప్పలు తప్పలేదు. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ అనే వెబ్‌సైట్‌లో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశారు. చూస్తే రోజువారీ బ్యాకప్‌లు పనిచేయడం లేదు. ఆ సంగతి చెప్పాల్సిన మెయిళ్లు కూడా ఎవరికీ చేరలేదు. అంతకు సుమారు 6 గంటల ముందు వేరే పని కోసం తీసిన కాపీ ఒకటి ఉండబట్టి బయటపడ్డారు.

లైసెన్సు లేని ల్యాప్‌టాప్‌లో ట్యాలీ ఎడ్యుకేషనల్ మోడ్‌లో తెరుచుకుంటుంది. లెక్కలు చూసుకోవచ్చు గానీ నెలలో రెండు మూడు తేదీలకే ఎంట్రీలు పడతాయి. లైసెన్సు ఇంకో సిస్టమ్‌కి ఎలా మార్చుకోవాలో డీలర్‌ను ఇప్పుడే అడిగి ఉంచండి. కంపెనీ డేటాకు తాళం వేసే ట్యాలీవాల్ట్ పాస్‌వర్డ్ పెట్టుకున్నవాళ్లు దాన్ని కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. అది మర్చిపోతే డేటా తెరిచే దారి ఉండదు.

క్లౌడ్‌లో ఉందిగా అంటారు. నెట్ పోయిన రోజున దాన్ని దించేదెలా? లాగిన్‌కి ఓటీపీ అడిగితే సిగ్నల్ లేని ఫోన్‌కి వస్తుందా? ఒక కాపీ హార్డ్ డిస్క్‌లో వేసి, కేబుల్ పీకి, వేరే ఊళ్లో పెట్టండి. కేబుల్ తగిలించే ఉంచితే ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వచ్చిన రోజు అదీ పోతుంది. వేరే ఊరంటే విజయనగరం చాలదు, హుద్‌హుద్ ఆ జిల్లానూ వదల్లేదు. హైదరాబాదులో ఎవరైనా ఉంటే మంచిది.

ఈ రిస్టోర్ పని రోజూ లెక్కలు రాసే అకౌంటెంట్‌తో కాకుండా ఇంకొకరితో చేయించండి. తుఫాను రోజు ఆయన ఊళ్లో ఉంటాడని ఏముంది? డిస్క్ తగిలించిన దగ్గర్నుంచి మొదటి బిల్లు ప్రింటయ్యే దాకా ఎంతసేపు పట్టిందో రాసుకోండి. సగం టైమ్ ప్రింటర్ దగ్గరే పోతుంది, చూస్తారుగా.

అంతా అయ్యాక ల్యాప్‌టాప్‌లోని కాపీ తీసేయండి. లేకపోతే సోమవారం పొద్దున ఎవరో ఒకరు తెలియక అందులోనే బిల్లులు కొట్టేస్తారు.