మరొకరికి పుస్తకం చెప్పడం ఎలా

"ఏదైనా మంచి పుస్తకం ఉంటే చెప్పండి" అని ఎవరైనా అడిగినప్పుడు మనకు నచ్చిన పుస్తకం పేరు వెంటనే నోటికి వస్తుంది. అయితే వారు అడిగేది మనకు నచ్చినదేమిటని కాదు, తాము చదవగలిగినదేమిటని. ఈ తేడాను పట్టించుకోకుండా నేను ఒకప్పుడు మా బావమరిదికి వెయ్యి పుటలకు దగ్గరగా ఉన్న నవలను ఎంతో ఉత్సాహంగా ఇచ్చాను. ఏడాది తర్వాత వాళ్లింటికి వెళ్లినప్పుడు అది టీవీ కింద ఎత్తు కోసం పెట్టి ఉంది. తప్పు ఆయనది కాదు. మియాపూర్ నుంచి ఎల్.బి.నగర్ దాకా రోజూ మెట్రోలో నిలబడి వెళ్లే మనిషికి ఒక చేత్తో పట్టుకోలేని పుస్తకం ఇచ్చినవాణ్ని నేనే. దాదాపు 29 కిలోమీటర్ల ఆ దారిలో ఒకటి రెండు కథలు హాయిగా పూర్తవుతాయి కనుక ఆయనకు పలచని కథల సంపుటి ఇచ్చి ఉండవలసింది.

కాబట్టి పేరు చెప్పే ముందు మూడు సంగతులు అడిగి తెలుసుకోవాలి: ఈమధ్య చివరిదాకా చదివిన పుస్తకమేది, మధ్యలో వదిలేసినదేది, రోజులో చదవడానికి ఎప్పుడు వీలవుతుంది. వీటిలో రెండవదే ఎక్కువ ఉపయోగపడుతుంది, ఎందుకంటే నచ్చినదాని గురించి అందరూ మర్యాదకు ఒకే తీరుగా చెబుతారు గానీ, వదిలేసినదాని గురించి చెప్పేటప్పుడు అసలు కారణం బయటపడుతుంది. చాలాసార్లు ఆ కారణం కథ కాదు, భాష. హైదరాబాదులో ఇంగ్లీషు మీడియంలో చదువుకున్నవారిలో, తెలుగు ధారాళంగా మాట్లాడుతూనే అచ్చులో వత్తులను కూడబలుక్కుని చదివేవారు తక్కువేమీ కాదు. అటువంటివారికి గ్రాంథికభాషలో ఉన్న పుస్తకాన్ని, అది ఎంత గొప్పదైనా, మొదటే ఇవ్వడం వారిని తెలుగు చదువుకు దూరం చేయడమే అవుతుంది. పెద్ద అక్షరాలలో, వాడుకభాషలో, పది పుటలకు మించని కథను ముందు ఇచ్చి, ఆ తర్వాత నిడివి పెంచడం మేలు.

ఇక పుస్తకం గురించి చెప్పేటప్పుడు "అద్భుతం", "తప్పక చదవాలి" వంటి మాటల వల్ల వినేవారికి ఏమీ తెలియదు. అందులో ఏ కాలం, ఏ ఊరు, ఎవరి బతుకు ఉన్నదో రెండు వాక్యాలలో చెప్పి, మలుపులను దాచి, కష్టమయ్యే చోటును మాత్రం దాచకుండా చెప్పాలి. ఉదాహరణకు దాశరథి రంగాచార్య రాసిన "చిల్లర దేవుళ్లు" గురించి చెప్పేటప్పుడు, అది నిజాం పాలన నాటి తెలంగాణ పల్లెలో దొరల పెత్తనం గురించిన నవల అనీ, పాత్రలు తెలంగాణ మాటతీరులో మాట్లాడతాయనీ ముందే చెబితే, ఆ యాస అలవాటు లేని కోస్తావారు తొలి పుటలలో తికమకపడి పక్కన పెట్టకుండా కాస్త ఓపికపడతారు. అదే నవలను ఇంట్లో ఆ మాటలు వింటూ పెరిగినవారికి చెప్పేటప్పుడు ఈ హెచ్చరిక అక్కరలేదు. వారికి ఆ యాసే ఆకర్షణ. పుస్తకం ఒకటే అయినా పరిచయం మనిషిని బట్టి మారాలి.

పేరు చెప్పి ఊరుకుంటే పని సగమే అయినట్టు. చాలా తెలుగు పుస్తకాలు కొద్ది ప్రతులే అచ్చయి, ఆ తర్వాత ఏళ్ల తరబడి దొరకవు. అందుచేత ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పాలి. అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైనది. సుల్తాన్‌బజారులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901లో స్థాపితమైనది. కొత్తగా అచ్చు కాని పాత పుస్తకాల కోసం ముందు ఈ రెండు చోట్లా వెతకడం మంచిది. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికీ వెళ్లవచ్చు గానీ, పోటీ పరీక్షలకు చదివేవారి మధ్య అక్కడ కుర్చీ దొరకడం అదృష్టమే. ఆదివారాలు ఆబిడ్స్ కాలిబాటల మీద పరిచే పాత పుస్తకాలలో తెలుగువి ఓపికగా వెతుక్కోవాలి. కొనే ముందు చివరి పుటలు ఉన్నాయో లేదో తప్పకుండా చూసుకోవాలి. కొత్త పుస్తకాలైతే ఏటా చలికాలంలో జరిగే పుస్తక ప్రదర్శనకు చీటీ రాసుకుని వెళ్లడం సులువు.

నలుగురు కలిసి చదివే అలవాటు చేసుకోదలచినవారు ఆరు నుంచి పది మందితో నెలకు ఒక ఆదివారం కూర్చుంటే చాలు. అంతకు మించితే ఇద్దరు మాట్లాడతారు, మిగిలినవారు చాయ్ తాగుతారు. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు ఇచ్చి, ఏ పుస్తకంలో ఎంతవరకు వచ్చారో చెప్పమనాలి. ఎన్ని పుస్తకాలు పూర్తిచేశారన్న లెక్క మాత్రం అడగకూడదు. ఆ లెక్క మొదలైతే పలచని పుస్తకాలే చదివేవారు ఎక్కువవుతారు, రెండు నెలలుగా ఒకే నవలతో కుస్తీ పడుతున్నవారు రావడం మానేస్తారు. పగలు తీరిక లేనివారు తెల్లవారుజామున చదువుతున్నారా, పిల్లలు పడుకున్నాక చదువుతున్నారా, పుటల అంచున పెన్సిలుతో రాసుకుంటున్నారా అన్న చిన్న చిన్న సంగతులే ఇతరులకు అనుసరించడానికి వీలుగా ఉంటాయి.

చివరి సంగతి అరువు. పరహస్తగతమైన పుస్తకం గతమేనన్న పాత మాట మనందరికీ తెలిసినదే. అయినా ఇవ్వక తప్పదు. ఇచ్చేటప్పుడు ఒక నోటు పుస్తకంలో పేరూ తేదీ రాసుకుని, నెల గడువు పెట్టి, ఆ గడువు వారి ముందే చెప్పాలి. మొహమాటపడి తర్వాత చెబుదామనుకుంటే అది నిష్ఠూరంగా మారుతుంది. దొరకని పుస్తకమైతే అసలు ప్రతిని అరువు ఇవ్వకుండా, మన ఇంట్లోనే కూర్చుని చదువుకోమనడం ఉత్తమం. పుస్తకం తిరిగి వచ్చినప్పుడు "ఎలా ఉంది?" అని అడిగితే "బాగుంది" అన్న జవాబే వస్తుంది కనుక, ఎక్కడ ఆగిపోయారో అడిగి, ఆ పుట సంఖ్యను అదే నోటు పుస్తకంలో వారి పేరు పక్కన రాసుకోవాలి, తర్వాతి పుస్తకం ఎంచేటప్పుడు అది పనికివస్తుంది.