బీబీసీ మైక్రో మొరాయిస్తే: కూత విని, తెర చదివి లోపం పట్టుకోవడం

మన దేశంలో ఎందరో బడిపిల్లలు మొదటిసారి చేయి పెట్టిన కంప్యూటర్ బీబీసీ మైక్రో. ఏకార్న్ సంస్థ 1981లో తెచ్చిన ఈ ఎనిమిది బిట్ల యంత్రం 1984లో మొదలైన 'క్లాస్' అనే బడి కంప్యూటర్ పథకంతో మన బడుల్లోకి వచ్చింది. చెన్నైలో ఏ పాత బడి సామాన్ల గదిలోనో, బంధువుల ఇంటి అటక మీదో ఒకటి దొరికితే దయచేసి తుక్కు కింద అమ్మనివ్వకండి. దీన్ని ఇంట్లో కూర్చుని బాగుచేసుకోవచ్చు. తనకేమైందో చాలావరకు తానే చెబుతుంది. ముందు కరెంటు, తర్వాత కాంటాక్టులు, ఆ తర్వాతే చిప్పులు. ఈ వరుస తప్పితే బాగున్న భాగాలు కూడా పాడవుతాయి.

సమస్య: ఆన్ చేసిన కాసేపటికి పొగ, ఘాటైన వాసన

పవర్ సప్లైలో మెయిన్స్ వైపు ఉండే రిఫా అనే కంపెనీ కెపాసిటర్లు దీనికి కారణం. లోహపు పూత పూసిన కాగితం చుట్టి, పైన పసుపు ఛాయ గల ఎపాక్సీ పోసి వీటిని చేశారు. ఏళ్లు గడిచేకొద్దీ ఎపాక్సీ బీటలు వారి, తేమ లోపలికి చేరుతుంది. తిరువాన్మియూర్, బీసెంట్ నగర్ వంటి సముద్రపు గాలి తగిలే ఇళ్లలో దాచిన యంత్రమైతే ఈ బీటలు ఉన్నాయనే అనుకోండి. వెలుతురులో పట్టి చూస్తే సన్నని గీతలుగా కనిపిస్తాయి.

పొగ వచ్చేదాకా ఆగకుండా, ఆన్ చేయకముందే మార్చాలి. 100 నానోఫారడ్‌ది ఒకటి, 10 నానోఫారడ్‌ది ఒకటి కావాలి. పైన ఎక్స్2 అని, 275 వోల్టుల ఏసీ అని ముద్రించి ఉన్నవే కొనండి. మామూలు కెపాసిటర్ విలువ సరిపోయినా ఇక్కడ పనికిరాదు. ఎలాగూ విప్పారు కాబట్టి 220 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్‌ను కూడా మార్చేయండి. అది ఎండిపోతే సప్లై అసలు మొదలవదు. ప్లగ్గు తీసినా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 325 వోల్టుల దాకా నిలిచి ఉండవచ్చు. మీటరుతో సున్నాకు దిగిందని చూశాకే వేలు పెట్టాలి. ఈ పని అలవాటు లేనివారు పవర్ సప్లై ఒక్కటీ మంచి టీవీ మెకానిక్‌కు అప్పగించడమే నయం.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు 100 వాట్ల ఫిలమెంట్ బల్బు ఉన్న సిరీస్ బోర్డు ద్వారా, అంటే కరెంటు ఆ బల్బు గుండా యంత్రానికి చేరేలా ఇవ్వండి. బల్బు ఒకసారి మెరిసి మందగిస్తే మంచిది. పూర్తిగా వెలుగుతూ ఉండిపోతే ఎక్కడో షార్టు ఉంది, వెంటనే ఆపండి.

సమస్య: కూత లేదు, దీపం లేదు

బోర్డు మీద 5 వోల్టులు కొలవండి. 4.75 కన్నా తక్కువ ఉంటే చిప్పులను అనుమానించకండి, సప్లై సంగతే చూడండి. సప్లై నుంచి మూడు ఎర్ర తీగలు బోర్డులోని వేర్వేరు భాగాలకు వెళతాయి. ఒక్క క్లిప్పు తుప్పు పట్టినా ఆ భాగానికి కరెంటు అందదు. అందుకే మూడు చోట్లా కొలవాలి.

సమస్య: ఒకటే మోత, ఆగదు

ఆరోగ్యంగా ఉన్న యంత్రం ముందు బొంగురుగా మోగి, వెంటనే సన్నగా ఒక కూత వేస్తుంది. కరెంటు తగలగానే సౌండ్ చిప్పు తనంతట తాను మోగుతుంది, ఆపరేటింగ్ సిస్టమ్ లేచి దాన్ని ఆపుతుంది. మోత ఆగలేదంటే ఆపరేటింగ్ సిస్టమ్ లేవలేదని అర్థం.

మొదట బ్రేక్ మీట చూడండి. అది కిందికి ఇరుక్కుంటే యంత్రం రీసెట్‌లోనే ఉండిపోతుంది. 6502 ప్రాసెసర్ 40వ కాలు దగ్గర దాదాపు 5 వోల్టులు ఉండాలి, బ్రేక్ నొక్కినప్పుడు సున్నాకు పడాలి. ఎప్పుడూ సున్నాయే అయితే మీటో, రీసెట్ సర్క్యూటో తేడా. అది సరిగ్గా ఉంటే లాజిక్ ప్రోబును, అంటే పల్సులు చూపే పరికరాన్ని, 7వ కాలికి ఆనించండి. అక్కడ పల్సులు ఉంటే ప్రాసెసర్ ఆదేశాలు చదువుతోంది, కానీ దానికి అందుతున్నవి తప్పుడు ఆదేశాలు. పల్సులు లేకపోతే 37వ కాలి దగ్గర క్లాకు వస్తోందో లేదో చూడండి. క్లాకు ఉండి, రీసెట్ సరిగ్గా ఉండి, ప్రాసెసర్ కదలకపోతే అప్పుడు దాన్ని అనుమానించవచ్చు.

ప్రాసెసర్ చదువుతోందని తేలితే ఐసీ51 సాకెట్‌లోని ఆపరేటింగ్ సిస్టమ్ రోమ్‌ను, అంటే చెరగని మెమరీ చిప్పును, పైకి తీసి కాళ్లు చూడండి. వెండి పూత ఉన్న కాళ్లు నల్లబడి ఉంటాయి. పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, గాటు ఉన్న వైపు తిరగబడకుండా మళ్లీ కూర్చోబెట్టండి. మూగబోయిన యంత్రాలు ఈ ఒక్క పనితో లేస్తుంటాయి. సాకెట్ వదులైతే చెన్నై రిచీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్స్ కొట్లలో ఐసీ బేస్ అని, కాళ్ల లెక్క చెప్పి అడగండి. గుండ్రటి పిన్నులవి కొంచెం ఖరీదు, కానీ అవే కొనండి.

సమస్య: తెర మీద 'లాంగ్వేజ్?' అని వచ్చి ఆగిపోతుంది

ప్రోగ్రాములు రాసే భాష బేసిక్ ఉండే ఐసీ52లోని చిప్పు యంత్రానికి కనిపించడం లేదు. పైన చెప్పినట్లే తీసి తుడిచి పెట్టండి.

సమస్య: అక్షరాలు మారిపోయాయి

'బీబీసీ' అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు ఉండాల్సిన చోట 'సీసీసీ' అని ఉంది, ఖాళీ ఉండాల్సిన చోటల్లా ఆశ్చర్యార్థకం ఉంది అనుకుందాం. ఇంగ్లీషు బీ అక్షరం కోడు 66, సీ కోడు 67. ఖాళీ జాగా 32, ఆశ్చర్యార్థకం 33. ప్రతి సరి సంఖ్యకూ ఒకటి కలుస్తోంది, బేసి సంఖ్యలు మాత్రం మారడం లేదు. అంటే అన్నిటికన్నా చిన్న బిట్టు ఒకటి దగ్గరే బిగుసుకుపోయింది. కంటితో చూసి ఇంత కచ్చితంగా లోపం పట్టుకునే వీలు ఇవాళ్టి ఏ కంప్యూటర్‌లోనూ నాకు కనిపించదు.

ఇక తేల్చాల్సింది ఒక్కటే: తప్పు మెమరీదా, లేక ఆ అక్షరాలు గీసే ఎస్ఏఏ5050 టెలిటెక్స్ట్ చిప్పు వైపుదా? మోడ్ 4 అని టైప్ చేయండి. మోడ్ అంటే తెర పనిచేసే తీరు. ఆ మోడ్‌లో టెలిటెక్స్ట్ చిప్పుకు పని లేదు. తెర శుభ్రంగా ఉంటే దోషం టెలిటెక్స్ట్ వైపే. ప్రతి ఎనిమిదో చుక్క దగ్గర నిలువు గీత కనిపిస్తే మెమరీ చిప్పే పోయింది. ఈ యంత్రంలో 16 మెమరీ చిప్పులున్నాయి, కింది 16కేకి ఎనిమిది, పై 16కేకి ఎనిమిది, ఒక్కో బిట్టుకు ఒక్కోటి. తెర మెమరీ పై సగంలో ఉంటుంది కాబట్టి, వెతకాల్సింది ఆ ఎనిమిదిలోనే. ఏ బిట్టో తెలిసింది కాబట్టి, సర్క్యూట్ బొమ్మలో ఆ డేటా తీగ వెంట వెళితే ఒకే ఒక చిప్పు తేలుతుంది. కాళ్లన్నీ కత్తిరించి, ఒక్కో కాలినీ విడిగా వేడి చేసి లాగండి. మొత్తంగా పీకితే బోర్డు మీది రాగి లేచిపోతుంది. ఆ చోట 16 కాళ్ల బేస్ వేయండి. ఇందులో ఉండే 4816 మెమరీ చిప్పు బదులు 4116 మాత్రం పెట్టకండి, దానికి 12 వోల్టులు, మైనస్ 5 వోల్టులు కూడా కావాలి.

సమస్య: కూత సరిగ్గా ఉంది, తెర లేదు

వెనక ఉన్న బీఎన్‌సీ సాకెట్‌ను టీవీ ఏవీ పోర్టుకు కలపండి. సీసీటీవీ కెమెరాల సామాను అమ్మే కొట్లలో బీఎన్‌సీని ఆర్‌సీఏగా మార్చే పిన్ను దొరుకుతుంది. బొమ్మ నలుపు తెలుపుల్లో వస్తే కంగారు పడకండి. బోర్డు మీది ఎస్39 లింకు కలిపితేనే అక్కడ రంగు వస్తుంది.

సమస్య: టేపు నుంచి లోడవుతుంటే 'డేటా?' అంటుంది

ప్రోగ్రాము 256 బైట్ల బ్లాకులుగా వస్తుంది కాబట్టి మొదటికి వెళ్లనక్కర్లేదు. కొంచెం వెనక్కి తిప్పి మళ్లీ ప్లే నొక్కితే చాలు. ఫోను నుంచి వినిపిస్తుంటే ఈక్వలైజర్ వంటివన్నీ ఆపి, శబ్దం కొద్దికొద్దిగా మార్చి చూడండి.

సమస్య: చిన్న ప్రోగ్రామే, అయినా 'నో రూమ్'

ఇది రిపేరు కాదు, లెక్క. మోడ్ 2 తెరకే 20కే పోతుంది. డిస్క్ ఫైలింగ్ సిస్టమ్ ఉంటే బేసిక్ ప్రోగ్రాము మెమరీలో 6400వ చోటు దగ్గర మొదలవుతుంది, తెర 12288 దగ్గర. మీకు మిగిలేది 5888 బైట్లు, అందులోనే వేరియబుల్స్ కూడా. డిస్కు అవసరం లేకపోతే స్టార్ టేప్ (*TAPE) అని కొట్టి, పేజ్ విలువను, అంటే ప్రోగ్రాము మొదలయ్యే చోటును, 3584 చేసి, న్యూ కొట్టండి. 8704 బైట్లు చేతికొస్తాయి. చుక్కలతో బొమ్మలు గీయనక్కర్లేని ప్రోగ్రామైతే 1కే మాత్రమే తినే మోడ్ 7లో రాసుకోండి. పేజ్ విలువ మార్చకుండా పనిచేస్తున్నప్పుడు పొరపాటున బ్రేక్ నొక్కినా, ఓల్డ్ అని కొడితే ప్రోగ్రాము తిరిగొస్తుంది, వేరియబుల్స్ విలువలు మాత్రం పోతాయి.