టీవీలో చూశాను: ఇంగ్లీషులో ‘ఇన్’ ఎక్కడ, ‘ఆన్’ ఎక్కడ?

కావలిలో సాయంత్రం పూట డిగ్రీ విద్యార్థులకు ఇంగ్లీషు మాట్లాడటం నేర్పే నాకు వారం తిరగకుండా ఎదురయ్యే వాక్యం ఒకటుంది: “ఐ సా దట్ ఫిల్మ్ ఇన్ టీవీ.” వ్యాకరణం శ్రద్ధగా చదువుకున్న పిల్లలు కూడా, ఇంటర్వ్యూలో అభిరుచుల మాట రాగానే ఇక్కడే తడబడతారు. ఈ తప్పుకు మూలం మన భాషలో ఉంది కాబట్టి దాన్ని అక్కడి నుంచే సరిచేయాలి.

సమస్య: టీవీ, ఫోన్, యూట్యూబ్ అన్నింటికీ ‘ఇన్’ వచ్చేస్తుంది.

కారణం: టీవీలో, సినిమాలో, థియేటర్లో, కావలిలో అని నాలుగు చోట్లా మనకు ఒకే ‘లో’ సరిపోతుంది. ఇంగ్లీషు మాత్రం బొమ్మ కనిపించే తెరకూ, అది మనకు చేరే ఛానెల్ లేదా యాప్‌కూ ‘ఆన్’ వాడి, కథ లోపల జరిగేదానికి ‘ఇన్’ను విడిగా ఉంచుకుంటుంది. ‘ఇన్ ది టీవీ’ అంటే పెట్టె లోపల ఏదో వస్తువు ఉన్నదనే అర్థం వస్తుంది.

పరిష్కారం: నేను బోర్డు మీద ఒక దీర్ఘచతురస్రం గీసి, గీత మీద ‘ఆన్’ అనీ, లోపల ఒక మనిషి బొమ్మ వేసి దాని పక్కన ‘ఇన్’ అనీ రాస్తాను. ఆ గీత తెర, ఆ బొమ్మ పాత్ర. దేని మీద చూశారని అడిగితే ఆన్ టీవీ, ఆన్ యూట్యూబ్, ఆన్ మై ఫోన్. కథలో ఏం జరిగిందని అడిగితే ఇన్ ది ఫిల్మ్, ఇన్ దిస్ సీన్, ఇన్ ది సెకండ్ సీజన్. ఫోన్ దగ్గర మాత్రం ఒక జాగ్రత్త అవసరం: ‘ఆన్ ది ఫోన్’ అంటే సాధారణంగా ఫోనులో మాట్లాడుతున్నారని అర్థం కనుక, వీడియో చూసిన సంగతి చెప్పేటప్పుడు ‘ఆన్ మై ఫోన్’ అనడం మేలు.

సమస్య: పై పాఠం విన్న మరునాడే “షి యాక్టెడ్ ఆన్ దట్ ఫిల్మ్” అంటారు.

కారణం, పరిష్కారం: కొత్త నియమాన్ని అన్నిటికీ పూయడమే కారణం. నటి కథ లోపల ఉంది కనుక ‘యాక్టెడ్ ఇన్’ అనాలి. అయితే ముఖాముఖి కార్యక్రమానికి అతిథిగా వచ్చినవారిని ‘ఆన్ ది షో’ అంటారు. అమెరికన్లు ధారావాహికల నటుల విషయంలో కూడా అలా అనడం కద్దు.

సమస్య: థియేటరు దగ్గర ఏది వాడాలో తోచదు.

పరిష్కారం: సినిమా చూడటానికి వెళ్లిన చోటుగా చెబితే ‘ఎట్ ది థియేటర్’, బ్రిటిష్ వారు ‘ఎట్ ది సినిమా’ అంటారు. చిత్రం విడుదలై ఆడుతోందని చెప్పడానికి బహువచనంతో ‘ఇన్ థియేటర్స్’. మా పిల్లలకు నేనిచ్చే అభ్యాస వాక్యం ఇది: “ఐ సా ఇట్ ఆన్ ఎ బిగ్ స్క్రీన్ ఎట్ ఎ థియేటర్ ఇన్ నెల్లూర్.” తెర, చోటు, ఊరు, మూడింటికీ మూడు మాటలు. దీన్ని పదిసార్లు పైకి చదివించి, తర్వాత ఒంగోలు, కందుకూరు అని ఊరు మార్చి చెప్పిస్తే నోరు తిరుగుతుంది.

మిగిలినవి చిన్నవి. గంటకు ఎట్, ఆదివారం, సోమవారం వంటి వారాల పేర్లకూ తేదీకీ ఆన్, నెలకూ సంవత్సరానికీ ఇన్: ఎట్ నైన్, ఆన్ సండే, ఇన్ జనవరి. తెలుగులోకి అనువదించిన చిత్రం ‘డబ్డ్ ఇంటు తెలుగు’. ‘సినిమా గురించి చర్చించాం’ అన్నప్పుడు మాత్రం ‘డిస్కస్’ తర్వాత ‘అబౌట్’ చేర్చకూడదు. ‘వి డిస్కస్డ్ ది ఫిల్మ్’ అంటే చాలు.