జ్యేష్ఠ పౌర్ణమికి పట్టి సిద్ధం కావాలంటే

స్నాన పూర్ణిమ నాడు 108 కుండల నీళ్ళతో అభిషేకం అయ్యాక పూరీ జగన్నాథుడు పదిహేను రోజులు దర్శనం ఇవ్వడు. ఈ అనసర రోజుల్లో గుడిలో భక్తులు దణ్ణం పెట్టుకునేది గుడ్డ మీద వేసిన దేవుళ్ళకే. దాన్ని అనసర పట్టి అంటారు, ఏటా కొత్తది రాస్తారు. అదే పద్ధతిలో ఇంటి పూజకి చిన్న పట్టి వేసుకోవాలనుకునేవాళ్ళు పర్లాకిమిడి, బరంపురం వైపు చాలామందే ఉన్నారు. వాళ్ళు చేసే మొదటి పొరపాటు ఆలస్యంగా మొదలుపెట్టడం. జ్యేష్ఠంలో మన వైపు మబ్బులు కమ్ముకుంటాయి, జిగురు పట్టిన గుడ్డ ఆరదు, నాలుగు రోజుల్లో బూజు పడుతుంది. గుడ్డ పని చైత్రంలోనే, ఎండ మండుతున్నప్పుడే ముగించుకోవాలి. రంగులకి వైశాఖం చాలు.

రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు పట్టికి చింతపిక్కలు 150 గ్రాములు సరిపోతాయి. మూడు రోజులు నానబెట్టి, రోజూ నీళ్ళు మార్చాలి. వేళ్ళ మధ్య నలిపితే తొక్క జారిపోవాలి. జారకపోతే ఇంకో రోజు ఉంచండి. తొక్క మిగిలితే జిగురు ఎర్రబారి, తర్వాత తెల్లరంగు కింద మరకలా తేలుతుంది. పప్పుని మెత్తగా రుబ్బి, ముందు చన్నీళ్ళలోనే ఉండలు లేకుండా కలిపి, మొత్తం లీటరున్నర నీళ్ళతో సన్నసెగ మీద అరగంట ఉడికించాలి. గరిటె ఆపితే అడుగంటుతుంది. గరిటె ఎత్తితే తీగలా సాగాలి. పల్చటి గుడ్డలో వడకట్టి, చల్లారాక వాడాలి. రెండోరోజుకి పులిసిన వాసన వేస్తే పారబోయండి, అది పట్టు వదిలేస్తుంది.

పురుగు పట్టకుండా పుస్తకాల బైండింగ్ వాళ్ళలాగా చిటికెడు మైలుతుత్తం వేసే అలవాటు ఉంది. పసుపు రంగుకి అసలైన హరిదళం రాయి వాడేవాళ్ళు మాత్రం వేయకూడదు. హరిదళంలో గంధకం ఉంటుంది, మైలుతుత్తంలో రాగి. రెండూ కలిస్తే పసుపు నల్లబడుతుంది. అప్పుడు వేపాకు ఉడికించిన నీళ్ళతో జిగురు కాచుకోవడమే మేలు.

గుడ్డ పాత నూలు చీరో పంచో అయితే మంచిది. కొత్త గుడ్డకి గంజి ఉంటుంది, జిగురు తగలగానే ముడుచుకుపోతుంది. రెండు ముక్కలు కోసి, చదునైన గచ్చు మీద ప్లాస్టిక్ షీటు పరిచి, మొదటి ముక్కకి అరచేత్తో జిగురు పట్టించి, దాని మీద రెండోది వేసి, నడిమి నుంచి అంచులకి నిమురుతూ గాలి బయటికి తోలాలి. బుడగ ఉండిపోతే సూదితో పొడిచి నొక్కండి. వదిలేస్తే సుద్ద ఎక్కాక అక్కడే పొక్కులా లేస్తుంది.

ఒక ఎండ ఆరాక సుద్ద. జల్లించిన మెత్తటి సుద్ద 300 గ్రాములు తీసుకుని, మిగిలిన జిగురు కొద్దికొద్దిగా పోస్తూ దోశల పిండి కన్నా కాస్త పల్చగా కలపాలి. మొదటి పూత నిలువుగా, అది ఆరాక రెండోది అడ్డంగా. వెనకవైపు కూడా అంతే వేయాలి, లేకపోతే పట్టి అప్పడంలా వంకర తిరుగుతుంది. పక్కన ఒక పీలికకి కూడా ఇదే పూత వేసి ఉంచుకోండి. ఆరాక దాన్ని వేలికి చుట్టి చూస్తే అంతా తెలిసిపోతుంది: పెళుసుగా పగిలితే జిగురు ఎక్కువైంది, వేలికి తెల్లగా అంటితే తక్కువైంది. పట్టి పాడయ్యాక కన్నా పీలిక పాడైనప్పుడు తెలుసుకోవడం నయం కదా.

చాలామంది ఎగ్గొట్టేది రాయి రుద్దడం. ముందు కొంచెం గరుకు రాయితో, తర్వాత వంశధారలోనో మహేంద్రతనయలోనో దొరికే నున్నటి గులకరాయితో, గుండ్రంగా తిప్పుతూ, రెండు వైపులా కనీసం గంటసేపు రుద్దాలి. పక్క నుంచి చూస్తే మెరుపు కనిపించాలి, గోరు లాగితే గీత పడకూడదు. సరిగ్గా రుద్దని పట్టి మీద సన్నగీత సిరాకాగితం మీద చుక్కలా పాకిపోతుంది, ఎంత చేయి తిరిగినవాళ్ళు గీసినా.

రంగులకి బంక వెలగచెట్టుది. ఒక వంతు బంకకి మూడు వంతుల నీళ్ళు పోసి రాత్రంతా నానబెట్టి వడకట్టాలి. తెలుపు శంఖం పొడి నుంచి, ఎరుపు ఇంగిలీకం, పసుపు హరిదళం, గోధుమ ఎరుపు కావిరాయి, నీలం నీలిమందు. నలుపుకి నూనె దీపం మీద మట్టిమూకుడు బోర్లించి మసి పట్టాలి. మసి జిడ్డుగా ఉండి నీళ్ళని దగ్గరికి రానీయదు. ముందు నాలుగు చుక్కల బంకతో వేలితో ముద్దలా మర్దించి, ఆ తర్వాతే నీళ్ళు కలపాలి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇంగిలీకంలో పాదరసం, హరిదళంలో పాషాణం (ఆర్సెనిక్ విషం) ఉంటాయి. కుంచె మొనని నోట్లో పెట్టి సన్నం చేసే అలవాటు పాతవాళ్ళలో ఉండేది, మనకి వద్దు. పొడి నూరేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకోండి, తడిగా నూరండి, ఇంగిలీకాన్ని పొయ్యి దగ్గరికి తేకండి. పిల్లలున్న ఇంట్లో ఎరుపుకి కావిరాయి, పసుపుకి పసుపుమట్టి చాలు. అక్రిలిక్ వాడితే తప్పా అని అడుగుతారు. అంగట్లో అమ్మే బొమ్మకి తప్పేం లేదు. పూజకైతే మట్టి, రాయి, మసి ఉండాలనే పట్టుదల చిత్రకారుల్లో ఇంకా ఉంది, మా ఓటూ దానికే. సన్న కుంచెకి ముంగిస వెంట్రుకలు మాత్రం అడక్కండి, అది వన్యప్రాణి చట్టం కింద నేరం. సున్నా నంబరు నైలాన్ కుంచె చాలు. అంచులకి, పెద్ద భాగాలకి మొగలి వేరు చివర దంచి చేసుకున్న కుంచె బాగా పనికొస్తుంది.

రాసే వరస ఇది: ముందు అంచు, తర్వాత పల్చటి గీతలతో రూపాలు, వెనక నేల ఎరుపు, ఒంటి రంగులు, నగలు, చివరికి నల్లగీత. పూరీ అనసర పట్టిలో దేవుళ్ళు మామూలు రూపంలో ఉండరు. జగన్నాథుడు శంఖ చక్ర గదా పద్మాలతో నారాయణుడిగా, బలభద్రుడు అనంత వాసుదేవుడిగా, సుభద్ర భువనేశ్వరిగా, ముగ్గురూ నాలుగు చేతులతో ఉంటారు. అది రాసేవాళ్ళు ఆ రోజుల్లో హవిష్యాన్నం, అంటే నియమంగా వండుకున్న సాత్త్వికాహారం మీద ఉంటారు. ఇంటికి మాత్రం ఎక్కువమంది మామూలు రూపాలే వేసుకుంటారు. మనం చూస్తుంటే ఎడమ పక్క తెల్లని బలభద్రుడు, నడుమ పసుపు సుభద్ర, కుడి పక్క నల్లని జగన్నాథుడు. సుభద్రకి చేతులు ఉండవు. పొరపాటున గీసేది ఎక్కువగా అక్కడే.

జగన్నాథుడి కళ్ళు నిండు గుండ్రం, మిగతా ఇద్దరివీ కోలగా ఉంటాయి. గుండ్రాన్ని చేత్తో గీయడం కష్టం. ముఖం వెడల్పుకి తగిన గిన్నె అంచు పెట్టి రెండింటికీ ఒకే కొలత తీసుకోండి. తెలుపు రెండు పల్చటి పూతలుగా వేయాలి, ఒకే దళసరి పూత వేస్తే ఆరాక నెరలు విచ్చుతుంది. చుట్టూ ఎర్రగీత. నల్లపాప మాత్రం ఖాళీగా ఉంచి, మిగతా పట్టి అంతా పూర్తయ్యాక మంచి రోజు చూసి పెట్టాలి. దాన్నే చక్షుదానం అంటారు. కుంచెలో రంగు తక్కువగా, చిక్కగా ఉండాలి. నడిమిన చుక్క పెట్టి బయటికి తిప్పుతూ పెంచాలి. ముందు చుట్టూ గీత గీసి లోపల నింపితే నలుపు తెలుపులోకి కారిపోతుంది.

ఆ ముహూర్తం పౌర్ణమికి కనీసం మూడు రోజుల ముందు పెట్టుకోండి, ఎందుకంటే పాప ఆరాకే లక్క వేయాలి. లక్క మీద బంకరంగు నిలవదు. వెనకటికి లక్కపొడి చల్లి నిప్పుల సెగ చూపేవారు. ఇంగిలీకం వాడినప్పుడు అది అసలే వద్దు. ఒక వంతు లక్క పెచ్చులు ఎనిమిది వంతుల స్పిరిట్‌లో రాత్రంతా కరగబెట్టి, వడకట్టి, రెండు పల్చటి పూతలు వేస్తే చాలు. గాలిలో తేమ ఉన్న రోజు వేస్తే తెల్లగా మసకబారుతుంది. అలా అయితే స్పిరిట్‌లో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో ఒక్కసారి పైపైన తాకించండి, మసక విడుతుంది. రెండోసారి రుద్దితే లక్కే లేచిపోతుంది.