పార్టిషన్ టేబుల్ పోయిన లక్స్ డిస్క్‌ను తిరిగి తెరవడం

ఉబుంటు నడుస్తున్న ల్యాప్‌టాప్ డిస్క్‌ని లక్స్‌తో (లినక్స్‌లో డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి) తాళం వేసి ఉంచారు, విండోస్‌కి చోటు చేద్దామని పార్టిషన్లు కదిలించారు. మధ్యలో బ్యాటరీ అయిపోయింది, లేదా ఇన్‌స్టాలర్ పాత పార్టిషన్ టేబుల్ (ఏ పార్టిషన్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రాసిన పట్టిక) చెరిపి కొత్తది రాసింది. ఇప్పుడు డిస్క్ మొత్తం ఖాళీ అంటోంది. ఇలాంటప్పుడు పోయేవి చాలాసార్లు హద్దు రాళ్లే, పొలం కాదు. లక్స్ పార్టిషన్ మొదట్లో ఉండే హెడర్ బాగుంటే, పాస్‌ఫ్రేజ్ గుర్తుంటే డేటా వస్తుంది. హెడర్‌లోని కీ భాగం చెరిగిపోయి దాని బ్యాకప్ కూడా లేకపోతే పాస్‌ఫ్రేజ్ తెలిసినా లాభం లేదు. పాస్‌ఫ్రేజ్ తెరిచేది డేటాను కాదు, హెడర్‌లో దాచిన అసలు కీని.

మెషిన్ ఇంకా ఆన్‌లోనే ఉండి ఫైళ్లు కనబడుతుంటే రీబూట్ చేయకండి. కీ కెర్నెల్ మెమరీలో ఉన్నంతసేపే ఆ తలుపు తెరిచి ఉంటుంది. ముందు ఫైళ్లన్నీ బయటి డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. ఆపేసిన మెషిన్ అయితే దాని డిస్క్ నుంచి బూట్ చేయకుండా లైవ్ యూఎస్‌బీతో ఎక్కండి.

తర్వాత డిస్క్ మొత్తానికి డీడీరెస్క్యూ అనే టూల్‌తో ఇమేజ్ (బైట్‌కి బైట్ నకలు ఫైల్) తీయండి, ఎంతవరకు కాపీ అయిందో గుర్తుంచుకునే మ్యాప్ ఫైల్ ఇవ్వడం మరవకండి. 512 జీబీ డిస్క్‌కి 1 టీబీ బయటి డిస్క్ కావాలి. అది ఫ్యాట్32 అయితే 4 జీబీ దగ్గరే ఆగిపోతుంది, ఎక్స్‌ట్4గా మార్చుకోండి. ఇకపై పనంతా ఇమేజ్ మీదే.

అసలు టేబుల్ జీపీటీ (ఇప్పటి డిస్కుల్లో మామూలుగా వాడే టేబుల్ రకం) అయితే డిస్క్ చివర దానికి రెండో కాపీ ఉంటుంది. జీడిస్క్ అనే పార్టిషన్ టూల్‌లో ఇమేజ్‌ని తెరిచి ‘ఆర్’ నొక్కితే రికవరీ మెనూ వస్తుంది. ‘బి’తో చివరి హెడర్‌ని, ‘సి’తో చివరి టేబుల్‌ని లోడ్ చేసి, ‘పి’తో చూడండి. పాత పార్టిషన్లు కనబడితే సగం పని అయినట్టే. ఇన్‌స్టాలర్ కొత్త టేబుల్ రాసి ఉంటే మాత్రం చివరి కాపీ కూడా కొత్తదే, ఇది పనికిరాదు.

అప్పుడు హెడర్‌ని మనమే వెతకాలి. ముందు పోయిన పార్టిషన్లను వెతికే టెస్ట్‌డిస్క్‌తో చూడండి. అది పట్టుకోకపోతే చేత్తో. హెడర్ మొదటి నాలుగు బైట్లు ‘లక్స్’ అనే ఇంగ్లిష్ పెద్దక్షరాలు. మాటలు వెతికే గ్రెప్ కమాండ్‌కి చిన్న ‘ఎ’, ‘బి’, ‘ఓ’ ఆప్షన్లిస్తే ఆ మాట ఎన్నో బైట్ దగ్గర ఉందో చెబుతుంది. మొత్తం ఇమేజ్ మీద ఒకేసారి నడిపితే పొడవాటి సున్నాల దగ్గర మెమరీ చాలక చచ్చిపోతుంది, కొన్ని జీబీల ముక్కలుగా కోసి ఇవ్వండి. ముక్క ఎక్కడ మొదలైందో ఆ లెక్క కలపాలి. బూట్ పార్టిషన్‌లో గ్రబ్ (బూట్ లోడర్) ఫైళ్లలో కూడా ఆ మాట ఉంటుంది కాబట్టి దొరికిన ప్రతిదీ హెడర్ కాదు. 1048576తో నిశ్శేషంగా భాగించబడేది మాత్రమే నమ్మదగింది, ఇప్పటి టూల్స్ పార్టిషన్లను 1 ఎంబీ హద్దు మీదే మొదలుపెడతాయి.

ఉదాహరణకు ఈఎఫ్‌ఐకి 1 జీబీ, బూట్‌కి 2 జీబీ ఉన్న డిస్క్‌లో లక్స్ 3073వ ఎంబీ దగ్గర మొదలవుతుంది: బైట్ 3222274048, సెక్టార్ 6293504. లక్స్2 (లక్స్ కొత్త వెర్షన్, పాతది లక్స్1) అయితే సరిగ్గా 16384 బైట్ల తర్వాత, అంటే 3222290432 దగ్గర, అవే నాలుగు అక్షరాలు తిరగేసి కనబడతాయి. అది మెటాడేటా రెండో కాపీ. రెండూ దొరికితే ఇక అనుమానం అక్కర్లేదు.

ఆ బైట్ ఆఫ్‌సెట్ ఇచ్చి లోసెటప్‌తో (ఫైల్‌ని డిస్క్‌లా చూపించే కమాండ్) ఇమేజ్‌ని రీడ్‌ఓన్లీగా తగిలించండి. లక్స్‌ని నడిపే టూల్ క్రిప్ట్‌సెటప్, దాని లక్స్‌డంప్ కమాండ్ వివరాలు చూపిస్తే, ఓపెన్ కమాండ్‌కి రీడ్‌ఓన్లీ ఆప్షన్ ఇచ్చి పాస్‌ఫ్రేజ్ కొట్టండి. లోపల ఎల్‌వీఎం (డిస్క్‌ని వాల్యూములుగా పంచే ఏర్పాటు) ఉంటే వీజీచేంజ్‌తో లేపాలి. ఎక్స్‌ట్4ని ‘ఆర్‌ఓ, నోలోడ్’తో మౌంట్ చేయాలి, నోలోడ్ లేకపోతే జర్నల్ సరిచేయబోయి రాయలేక ఎర్రర్ ఇస్తుంది.

పాస్‌ఫ్రేజ్‌కి తగ్గ కీ లేదంటే రెండు కారణాలు: తప్పుగా కొట్టడం, కీస్లాట్ (హెడర్‌లో అసలు కీని దాచే చోటు) చెడిపోవడం. మెసేజ్ రెండింటికీ ఒకటే. లైవ్ యూఎస్‌బీ కీబోర్డ్ లేఅవుట్ వేరే ఉంటే గుర్తులు మారిపోతాయి, పాస్‌ఫ్రేజ్‌ని ముందు ఎడిటర్‌లో టైప్ చేసి కళ్లతో చూడండి. అదీ సరిగ్గా ఉంటే హెక్స్‌డంప్‌తో కీస్లాట్ చూడాలి. లక్స్2 మామూలు సెట్టింగులో మొదటి స్లాట్ లక్స్ పార్టిషన్ మొదలు నుంచి 32768వ బైట్ దగ్గర మొదలై 258048 బైట్లు ఉంటుంది. అందులో వాడేది 256000, కాబట్టి తోకలో సున్నాలు కనబడినా కంగారు వద్దు. మధ్యలో సున్నాల వరసో చదవగలిగే అక్షరాలో ఉంటే ఆ స్లాట్ పోయినట్టే. ఒక్క సెక్టార్ చెడినా అసలు కీ మొత్తం పోయేలా దాన్ని కావాలనే అలా పరిచారు. వేరే పాస్‌ఫ్రేజ్‌తో రెండో స్లాట్ పెట్టి ఉంటే ఇప్పుడు అదే దిక్కు.

లక్స్ పార్టిషన్ పొరపాటున స్వాప్‌గా ఫార్మాట్ అయితే చెడేది మొదటి 4 కేబీ. లక్స్2లో రెండో కాపీ దీన్ని కాపాడుతుంది: ఆ పార్టిషన్ మొదటి 16 ఎంబీని డీడీ కమాండ్‌తో వేరే ఫైల్‌గా తీసి, దాని మీద క్రిప్ట్‌సెటప్ రిపేర్ నడిపి, ఆ ఫైల్‌ని హెడర్ ఆప్షన్‌తో ఇచ్చి తెరవండి. లక్స్1లో రెండో కాపీ లేదు. ఎక్స్‌ట్4, ఫ్యాట్32 ఫార్మాట్లు కీస్లాట్ల మీదికి పోతాయి. పైగా ఎస్‌ఎస్‌డీ మీద ఎక్స్‌ట్4 ఫార్మాట్ అలవాటుగా ట్రిమ్ (ఈ చోటు ఖాళీ, చెరిపేయొచ్చు అని డిస్క్‌కి చెప్పే ఆదేశం) కూడా పంపుతుంది, అప్పుడు కింద డేటానే మిగలదు. ఒట్టి పార్టిషన్ డిలీట్‌కి ఆ ప్రమాదం లేదు.

ఫైళ్లు చేతికొచ్చాకే అసలు డిస్క్‌లో టేబుల్ రాయండి. జీడిస్క్‌లో కొత్త పార్టిషన్‌కి ‘ఎన్’, మొదలు సెక్టార్ (పై ఉదాహరణలో 6293504), టైప్ 8309 (లక్స్). హెడర్‌లో పార్టిషన్ సైజు రాసి ఉండదు కాబట్టి చివరి సెక్టార్‌ని మీరే తేల్చుకోవాలి. తర్వాత మరో పార్టిషన్ లేకపోతే డిస్క్ చివరి దాకా ఇవ్వండి. కాస్త ఎక్కువైనా ఫర్వాలేదు, తక్కువైతే ఎక్స్‌ట్4 డివైస్ చిన్నదైందని మొరాయిస్తుంది. ఇదే పని ఎఫ్‌డిస్క్‌తో చేస్తే ఇక్కడ లక్స్ సంతకం ఉంది, తీసేయనా అని అడుగుతుంది. దానికి ‘నో’ అనే చెప్పాలి.

చివరగా లక్స్‌హెడర్‌బ్యాకప్ నడిపి, వచ్చిన 16 ఎంబీ ఫైల్‌ని వేరే పెన్‌డ్రైవ్‌లో పెట్టండి. ముందుముందు పాస్‌ఫ్రేజ్ మార్చినా ఆ పాత ఫైల్ పాత పాస్‌ఫ్రేజ్‌తోనే డిస్క్‌ని తెరుస్తుంది. అందుకే మార్చిన ప్రతిసారీ కొత్త బ్యాకప్ తీసి పాతదాన్ని చెరిపేయండి.