రింగులో కుక్క నడక చెడిపోతే ఎక్కడ వెతకాలి

సమస్య: ఇంటి దగ్గర హుషారుగా తిరిగే కుక్క, కుక్కల పోటీ జరిగే షో రింగులో నడిపించేసరికి నడుము అటూ ఇటూ ఊపుతూ బరువుగా కదులుతుంది. నిలబెట్టినప్పుడు శ్రద్ధగా చూసిన జడ్జి, దాని నడక చూశాక వెనుక వరుసకు పంపిస్తారు. బెంగళూరులో కొత్తగా షోలకు దిగుతున్న మన తెలుగువారు నన్ను ఎక్కువగా అడిగేది దీని గురించే. అడిగే సమయానికి చాలామంది కీళ్ల మందులు కూడా మొదలుపెట్టి ఉంటారు.

మొదట చూడవలసినవి: గోళ్లు చూడండి. అపార్ట్‌మెంటులో నున్నని టైల్స్ మీద తిరిగే కుక్కకు గోళ్లు అరగవు. నడిచేటప్పుడు టకటకమని చప్పుడు వస్తే అవి పెరిగాయని అర్థం. ఒకేసారి ఎక్కువగా కత్తిరిస్తే లోపలి రక్తనాళం తెగుతుంది కనుక వారానికొకసారి కొనలు మాత్రమే తీయాలి, నాళం కూడా క్రమంగా వెనక్కి తగ్గుతుంది. తరువాత, ఎవరిచేతనైనా పక్క నుంచి ఫోనులో స్లో మోషన్ వీడియో తీయించండి. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా చేసేవారు అరుదు. లీష్ పట్టుకున్న మనిషికి పైనుంచి కుక్క వీపు కనిపిస్తుందే తప్ప, కాళ్లు ఏ వరుసలో పడుతున్నాయో కనిపించదు.

దాగి ఉండే కారణం: ముందరి కుడికాలితో వెనుక ఎడమకాలు జంటగా కదిలితే అది ట్రాట్. దాదాపు అన్ని జాతులలోనూ జడ్జీలు చూడాలనుకునే నడక అదే. ఒకే పక్కనున్న ముందు వెనుక కాళ్లు రెండూ కలిసి కదిలితే అది పేస్. అందులో శరీరం బరువంతా ఒక పక్క నుంచి మరొక పక్కకు మారుతూ ఉంటుంది కనుకనే ఆ ఊపు కనిపిస్తుంది.

నా లాబ్రడార్ విషయంలో ఇది తెలియక ఒక సీజనంతా పోగొట్టుకున్నాను. లీష్ మార్చాను, మేత మార్చాను, తుంటి ఎక్స్‌రే తీయించాను. ఎముకలలో ఏ లోపమూ లేదు. చివరికి మా తమ్ముడి కూతురు సరదాగా పక్క నుంచి తీసిన వీడియోలో సంగతి బయటపడింది. పగిలిన ఫుట్‌పాత్‌ల మీద, స్కూటర్లను తప్పించుకుంటూ, రోజూ గంటసేపు నేను నడిచిన మెల్లని నడకే దానికి పేస్ నేర్పింది. మన మామూలు నడక పెద్ద కుక్క నడకకు వేగం ఎక్కువ, ట్రాట్‌కు తక్కువ. ఆ మధ్య వేగంలో దానికి సులువుగా కుదిరేది పేస్. నెలల తరబడి అదే చేస్తే అలవాటుగా స్థిరపడుతుంది. అలసట, అధిక బరువు దానిని ఇంకా పెంచుతాయి.

పరిష్కారం: షో సాధనను రోజువారీ షికారు నుంచి పూర్తిగా విడదీయాలి. ఎండ ఎక్కకముందే గడ్డి మైదానంలో ఐదు నిమిషాలు చాలు. కుక్కను నిలబెట్టి, లీష్‌ను క్షణం పైకెత్తి వదులుతూ, మొదటి అడుగు నుంచే చురుకుగా కదలాలి. పేస్‌లో పడిందని తెలియగానే ఆపి, చిన్న గుండ్రం తిప్పి మళ్లీ బయలుదేరాలి. దానిని లాగుతూ వేగం పెంచితే పేసే వేగమవుతుంది. నాలుగైదు పీవీసీ పైపులను నేల మీద, కుక్క భుజం ఎత్తు ఎంతో సుమారు అంత ఎడంతో పరచి వాటి మీదుగా నడిపించడం నాకు అన్నిటికంటే బాగా పనిచేసింది. పైపులను దాటడానికి అది కాళ్లను ఎత్తి, ముందు కుడి, వెనుక ఎడమ ఇలా ట్రాట్ జంటలుగా వేయక తప్పదు. ఎదిగే వయసు కుక్కపిల్లలకు పైపులను ఎత్తులో పెట్టకూడదు.

తుంటి కీలు లోపం, మోకాలి చిప్ప జారడం వంటివి ఉంటే ఇంట్లోనూ కుంటు కనిపించవచ్చు. అప్పుడు డాక్టరు దగ్గరకు వెళ్లాలి. ఓల్డ్ ఇంగ్లిష్ షీప్‌డాగ్ జాతి కుక్క మెల్లగా నడిచేటప్పుడు పేస్ చేసినా తప్పు కాదు.

రింగులో జడ్జి నడవమన్న వెంటనే కదలకుండా, ముందున్న కుక్కకు మీకు మధ్య నాలుగైదు అడుగుల ఖాళీ వచ్చేవరకు ఆగండి. ఆ ఖాళీ లేకపోతే రెండు అడుగులు వేయగానే వేగం తగ్గించవలసి వస్తుంది, కుక్క తిరిగి పేస్‌లోకి జారుతుంది.