జయనగర్ నుంచి జనక్‌పూర్‌కి: సరిహద్దు దాటే రైలు ఎక్కే ముందు

సికింద్రాబాద్ వైపు నుంచి వెళ్లేవాళ్లకు దర్భంగా ఎక్స్‌ప్రెస్ ఉంది. దర్భంగా నుంచి బిహార్ సరిహద్దులోని జయనగర్‌కి ఇంకో 70 కి.మీ. లోపే. అక్కడ మన స్టేషన్ పక్కనే నేపాల్ రైల్వే వాళ్ల స్టేషన్ వేరుగా ఉంటుంది. నేపాల్‌లోని సీతమ్మ పుట్టినిల్లు జనక్‌పూర్‌కి టికెట్ ఐఆర్‌సీటీసీలో దొరకదు, అక్కడి కౌంటర్‌లోనే కొనాలి. ట్రిప్పులు తక్కువ, వేళలు మారుతుంటాయి. అందుకే ముందురోజు రాత్రికే జయనగర్ చేరుకోవడం మేలు.

టైము దగ్గర చాలామంది దెబ్బతింటారు. నేపాల్ గడియారం మనకన్నా 15 నిమిషాలు ముందు. బోర్డు మీద 8:15 అని ఉండి, అది నేపాల్ టైమైతే, మీ చేతి గడియారంలో 8 గంటలకే రైలు కదిలిపోతుంది. టికెట్ తీసుకునేటప్పుడే ఏ దేశం టైమో అడగండి.

పాస్‌పోర్టో ఓటరు కార్డో ఒరిజినల్ ఉండాలి. ఆధార్ ఒక్కటే నమ్ముకుంటే చిక్కు. 15 ఏళ్లలోపు పిల్లలకు, 65 దాటిన పెద్దలకు మాత్రం అది చెల్లుతుంది. రైలు మొదలైనప్పుడే భారత, నేపాల్ పౌరులకు తప్ప మూడో దేశం వాళ్లకు అనుమతి లేదన్నారు. కాబట్టి అమెరికా పాస్‌పోర్టున్న మనవాళ్లు ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చేది) చూపించి ఎక్కేద్దామనుకోకండి. కాఠ్‌మాండూలో వీసా తీసుకుని, అక్కడి నుంచి జనక్‌పూర్‌కి విమానంలో వెళ్లడం సులువు. డబ్బు విషయానికొస్తే, మన రూపాయికి 1.60 నేపాలీ రూపాయలు, ఇది స్థిరమైన రేటు. వంద, అంతకన్నా చిన్న నోట్లు పెట్టుకుంటే తిప్పలుండవు.

ఈ లైను 1937లో, నేపాల్‌ను రాణా వంశం ఏలిన కాలంలో పడింది, ప్రధానంగా అడవి కలప దించడానికి. పట్టాల మధ్య దూరం (గేజ్) 762 మి.మీ. ఉన్న చిన్న లైను అది. తర్వాత జనానికి అదే దిక్కయి, బోగీల పైకప్పుల మీద కూడా కూర్చుని ప్రయాణించేవారు. 2014లో ఆపేసి, భారత్ సాయంతో మన ప్రభుత్వ రైల్వే నిర్మాణ సంస్థ ఇర్కాన్ 1676 మి.మీ. బ్రాడ్ గేజ్‌గా మార్చింది. గేజ్ మార్చడమంటే పట్టాలు కాస్త ఎడంగా జరపడం కాదు. పెద్ద బండి బరువుకు పట్టాల కింది మట్టికట్ట వెడల్పు చాలదు, పాత వంతెనలు ఆగవు, పట్టాల కింద అడ్డంగా వేసే స్లీపర్లు పనికిరావు. దాదాపు కొత్త లైను వేసినట్టే.

లైను సిద్ధమైనా రైలు వెంటనే కదల్లేదు. చెన్నైలోని రైలు బోగీల కర్మాగారం ఐసీఎఫ్‌లో తయారైన రెండు డెమూ (డీజిల్‌తో నడిచే) రైళ్లు 2020 సెప్టెంబరులో చేరినా, నేపాల్ దగ్గర రైలు నడిపే సిబ్బందీ లేరు, చట్టమూ కుదరలేదు. ఏడాదిన్నర ఊరికే నిలబడ్డాయి. చివరకు 2022 ఏప్రిల్ 2న ఇద్దరు ప్రధానులు జెండా ఊపారు. నా లెక్కలో ఈ లైనుకు పట్టాలకన్నా మనుషుల కొరతే పెద్ద అడ్డంకి.

జయనగర్ నుంచి కుర్థా దాకా దాదాపు 35 కి.మీ., అందులో మన వైపు 3 కి.మీ. మాత్రమే. ఆపై బిజల్‌పురా దాకా మరో 17 కి.మీ. ఉంది. జానకీ మందిరానికైతే కుర్థాకు ముందే జనక్‌పూర్‌ధామ్‌లో దిగిపోవాలి. మనకు భద్రాద్రి కల్యాణం చైత్ర నవమికి, అక్కడ మార్గశిర శుద్ధ పంచమికి. ఆ వివాహ పంచమి రోజుల్లో సీటు మీద ఆశ పెట్టుకోకండి. తిరుగు రైలు వేళ కూడా దిగిన వెంటనే స్టేషన్‌లోనే కనుక్కోండి.